అతికించిన ఇసుక – బ్రతికించే ఇసుక

దోహా నగరపు నడిబొడ్డున ఉన్న ఫరీజ్ అబ్దుల్ అజీజ్ వంటి పాత వాడలకు సముద్రం ఎంతో దూరం కాదు. (ఫరీజ్ అంటే ఇక్కడి అరబ్బీ వాడుకలో పేట లేదా వాడ అని అర్థం.) అయినా మేడమీది అద్దె ఇళ్లలో పెరుగుతున్న మన పిల్లలకు ఆ సముద్రం పైకి కనిపించే నీలిరంగే తప్ప లోపలి లోకం తెలిసే అవకాశం తక్కువ. ఈ లోటును కొంతవరకు తీర్చగల సాధనం ఇంట్లో అమర్చుకునే ఉప్పునీటి అక్వేరియం. మంచినీటి చేపల తొట్టి కంటే దీనికి ఖర్చూ, శ్రమా, ఓర్పూ ఎక్కువ కావాలి. అందుకు తగినట్లు ఇది నేర్పే విజ్ఞానం కూడా ఎక్కువే.

ఇటువంటి తొట్టి పెట్టదలచుకున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న, దాని అడుగున ఏమి పరచాలి అన్నది. విడి ఇసుకను మందంగా పోసి ఇసుక నేలను ఏర్పరచడం ఒక పద్ధతి. ప్లాస్టిక్ పలకపై ఎపాక్సీ జిగురుతో ఇసుకను అతికించి, చూడటానికి ఇసుకలాగే కనిపించే కృత్రిమ నేలను తయారుచేసి అడుగున అమర్చడం మరొక పద్ధతి. మొదటిదాన్ని సమర్థించేవారు రెండవదాన్ని బొమ్మకొలువు అంటారు. రెండవదాన్ని సమర్థించేవారు మొదటిదాన్ని మురికిగుంట అంటారు. రసాయనశాస్త్రం వృత్తిగా గల నాకు ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం, కొంత తొందరపాటు కనిపిస్తాయి. ప్రవాసంలో ఉన్న మన కుటుంబాల పరిస్థితికి అతికించిన నేల తగినదేనని నా అభిప్రాయం. అయితే ఇసుకను జిగురులో బంధించినప్పుడు అది చేసే పనిని కూడా బంధిస్తున్నామని గ్రహించి, ఆ పని బాధ్యతను మనమే స్వీకరించాలి. అలా స్వీకరించలేనివారు తొట్టి పెట్టకపోవడమే మేలు.

ఇసుకలన్నీ ఒకటి కావు

ఇసుక అనగానే మనలో చాలామందికి గోదావరి తిన్నెలు గుర్తుకు వస్తాయి. ఆ ఇసుకలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ వంటి సిలికేట్ ఖనిజాలు ప్రధానం. విశాఖ, భీమిలి తీరాలలో తడి ఇసుకపై కనిపించే నల్లని చారలలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు ఉంటాయి. ఖతర్‌లో ఈ రెండిటికీ భిన్నమైన మరొక ఇసుక లభిస్తుంది. దేశపు ఆగ్నేయ దిశలో మెసయీద్ నుండి ఖోర్ అల్ ఉదైద్ వరకు ఉన్న ఎడారి దిబ్బలలో క్వార్ట్జ్ పాలు ఎక్కువ. సముద్రతీరపు ఇసుకలో మాత్రం గుల్లల ముక్కలు, సూక్ష్మప్రాణుల కవచాలు, పగడపు తునకలు అధికంగా ఉంటాయి. ఇవన్నీ కాల్షియం కార్బొనేట్ రూపాలే.

ఈ తేడాను పిల్లలచేత ఇంట్లోనే నిరూపింపజేయవచ్చు. ఇసుకను మంచినీటితో కడిగి ఆరబెట్టి, చిటికెడు పళ్లెంలో ఉంచి వంటింటి వెనిగర్ నాలుగు చుక్కలు వేయాలి. కార్బొనేట్ ఇసుక అయితే బుసబుస పొంగుతుంది. వెలువడేది కార్బన్ డయాక్సైడ్ వాయువు. క్వార్ట్జ్ ఇసుక అయితే ఉలుకూ పలుకూ ఉండదు.

దుకాణాలలో అక్వేరియం కోసం అమ్మే ఇసుక సాధారణంగా ఆరగొనైట్. ఇది కాల్షియం కార్బొనేట్ స్ఫటికరూపాలలో ఒకటి. దీన్ని వేస్తే చాలు, నీటి క్షారగుణం దానంతట అదే నిలకడగా ఉంటుందని ఒక నమ్మకం ఉన్నది. ఇది సగం నిజం మాత్రమే. పీహెచ్ 8.2 దగ్గర ఉండే సముద్రజలంలో ఆరగొనైట్ ఇప్పటికే కరగగలిగినదానికంటే ఎక్కువ మోతాదులో ఉంటుంది. కాబట్టి పైనున్న నీటిలో రేణువు కరగదు. ఇసుక లోతుల్లో సూక్ష్మజీవుల శ్వాసక్రియ వల్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకొని పీహెచ్ తగ్గినచోట మాత్రమే కొద్దికొద్దిగా కరిగి, కాల్షియాన్నీ బైకార్బొనేట్‌నూ నీటికి అందిస్తుంది. అంటే అతికించిన పలకపై ఖరీదైన ఆరగొనైట్ వాడినా రంగు తప్ప మరే ప్రయోజనం ఉండదు.

రేణువుల నడుమ జరిగే పని

చేపలు తిన్న ఆహారంలోని మాంసకృత్తుల నుండి పుట్టే నత్రజనిలో అధికభాగం మొప్పల ద్వారా అమోనియాగా నీటిలోకి వస్తుంది. అది చేపలకే విషం. కొన్ని సూక్ష్మజీవులు ఆమ్లజని సహాయంతో దానిని మొదట నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జీవులను వేరుచేసి వాటి పనిని వెల్లడించినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. కాలం 1890 ప్రాంతం. నైట్రేట్ అంత ప్రమాదకరం కాకపోయినా, పేరుకొన్నకొద్దీ నాచు పెరుగుతుంది, పగడాలు నీరసిస్తాయి.

ఇసుక నేల ప్రత్యేకత ఇక్కడే ఉన్నది. సన్నని ఇసుకలో పైనున్న కొద్ది మందం దాటితే ఆమ్లజని అయిపోతుంది. అక్కడ నివసించే మరికొన్ని సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని దహించుకోవడానికి నైట్రేట్‌లోని ఆమ్లజనిని తీసుకొని, మిగిలిన నత్రజనిని వాయువుగా విడిచిపెడతాయి. అది బుడగలై గాలిలో కలిసిపోతుంది. ఇంకా లోతుకు వెళితే నైట్రేట్ కూడా అయిపోతుంది. అక్కడి జీవులు సముద్రజలంలో సమృద్ధిగా ఉన్న సల్ఫేట్‌ను వాడుకొని, కుళ్లిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తయారుచేస్తాయి. అది ఇనుముతో కలిసినచోట ఇసుక నల్లబడుతుంది. గాజు గోడ పక్కనుండి చూస్తే ఈ పొరలు కంటికి కనిపిస్తాయి. జనసమ్మర్దాన్ని వర్ణించడానికి ఇసుక వేస్తే రాలదని అంటాం. ఇక్కడ ఇసుకలోనే వేస్తే రాలనంత జనం!

ఈ ప్రక్రియను అక్వేరియం నిర్వహణకు క్రమబద్ధంగా ఉపయోగించినవారిలో ఫ్రాన్సులోని నీస్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ జోబేర్ ముఖ్యుడు. మందమైన ఇసుక కింద నీరు నిలిచే ఖాళీ అర ఒకటి ఉండే విధానాన్ని ఆయన రూపొందించి, 1989లో మొనాకో సముద్రవిజ్ఞాన సంస్థ సంచికలో వివరించారు. 1990 దశకంలో అమెరికాకు చెందిన రాన్ షిమెక్, ఆ అర లేకుండానే పది పదిహేను సెంటీమీటర్ల సన్నని ఇసుకను, అందులో తిరిగే పురుగులనూ నమ్ముకొనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2005లో రాబర్ట్ టూనెన్, క్రిస్టఫర్ వీ ఈ రెండు పద్ధతులనూ ప్రయోగపూర్వకంగా పోల్చినప్పుడు, ఖాళీ అర వల్ల చెప్పుకోదగిన మేలు కనిపించలేదు. పని చేసేది అర కాదు, ఇసుక అని తేలింది.

అంకెలు ఏమంటున్నాయి?

90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు గల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. అందులో సుమారు 180 లీటర్ల నీరు ఉన్నదనుకుందాం. అడుగున 10 సెం.మీ. ఇసుక పోస్తే దాని ఘనపరిమాణం 40 లీటర్లు, బరువు దాదాపు 60 కిలోలు. రేణువు వ్యాసం అర మిల్లీమీటరు అనీ, ఇసుకలో నూటికి నలభై పాళ్లు ఖాళీ అనీ అనుకొని లెక్కిస్తే, ఆ రేణువుల ఉపరితలం మొత్తం 290 చదరపు మీటర్లు వస్తుంది. ఇది మూడున్నర బాడ్మింటన్ కోర్టుల వైశాల్యం! సూక్ష్మజీవులకు నివాసస్థలం అదే.

అదే తొట్టిలో ఇసుక అతికించిన పలక పెడితే ఏమవుతుంది? రేణువులలో పై వరుస మాత్రమే, అదీ సగం మాత్రమే, నీటికి తగులుతుంది. ఉపరితలం ఒక చదరపు మీటరు కూడా ఉండదు. ఆమ్లజని లేని పొర అసలే ఉండదు. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని, రసాయన దృష్టితో చూస్తే వాటి మధ్య తేడా మూడువందల రెట్లు.

అయినా పలకే ఎందుకు?

ఇంతటి తేడా ఉన్నప్పుడు విడి ఇసుకనే పోయవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. ఇందుకు సమాధానం మన జీవనవిధానంలో ఉన్నది. గల్ఫ్‌లో మనం ఉండేవి అద్దె ఇళ్లు. ఒప్పందం ముగిసినా, ఉద్యోగం మారినా, యజమాని భవనాన్ని మరమ్మతుకు తీసుకున్నా కొద్దివారాల్లో ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. వేసవి సెలవులలో నెలా రెండు నెలలు స్వదేశానికి వెళ్లడం పరిపాటి.

లోతైన ఇసుక నేలను కదల్చడం 60 కిలోల బరువు సమస్య ఒక్కటే కాదు. కలిపితే పొరలు చెదిరి, అడుగున దాగిన సల్ఫైడ్, అమోనియా ఒక్కసారిగా పైకి వచ్చి చేపలను చంపగలవు. పైగా ఇసుకలోని జీవరాశి అంతా ఆమ్లజనిని వాడుకుంటూనే ఉంటుంది. మనం ఊళ్లో లేనప్పుడు పంపు ఆగిపోతే, చేపలతో పోటీపడి నీటిలోని ఆమ్లజనిని హరిస్తుంది. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆమ్లజని కూడా తగ్గుతుంది. ఎయిర్ కండిషనర్ ఆపివేసిన గల్ఫ్ ఇంటిలో ఈ రెండూ ఒకేసారి సంభవిస్తాయి. స్థిరమైన ఇల్లు, ఎల్లప్పుడూ ఇంటిలో ఉండే మనిషి గలవారికి లోతైన ఇసుక ఉత్తమం. మనలో ఎక్కువమందికి ఆ రెండూ లేవు.

పలక తయారీలో జాగ్రత్తలు

మొదట పలక. వంటింటిలో కూరలు తరిగే పాలిథిన్ పలక చవకగా దొరుకుతుంది గాని, దానిపై ఎపాక్సీ పట్టదు, పైగా అది నీటిలో తేలుతుంది. తేలికైన నురుగు పీవీసీ కూడా తేలుతుంది. గట్టి పీవీసీ లేదా యాక్రిలిక్ పలక మునుగుతుంది, జిగురునూ పట్టుకుంటుంది. దానిని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, తొట్టి అడుగుకంటే ప్రతి పక్కా అర సెంటీమీటరు చిన్నదిగా రెండు ముక్కలుగా కోసుకోవాలి. ఎప్పుడైనా పైకి తీయగలగడం ముఖ్యం. పలక కింద చేరే మురికిని నెలకొకసారి శుభ్రం చేయకపోతే, మురికిగుంట అన్న నింద దీనికే చెల్లుతుంది.

తరువాత జిగురు. తాగునీటి వాడకానికి అనుమతి పొందిన, ద్రావణులు లేని ఎపాక్సీని ఎంచుకోవాలి. ఇందులో రెసిన్ ఒకటి, దానిని గట్టిపరచే అమీన్ మరొకటి. అమీన్‌లోని ఒక్కొక్క ఉదజని పరమాణువు ఒక్కొక్క ఎపాక్సీ సమూహంతో కలుస్తుంది. కాబట్టి తయారీదారు చెప్పిన నిష్పత్తిని తూకం వేసి పాటించాలి. గట్టిదనం కోసం ఇంకాస్త అని ఒకటి ఎక్కువ వేస్తే, ఆ అదనపు భాగం కలవడానికి జత దొరకక మిగిలిపోయి, తరువాత మెల్లగా నీటిలోకి ఊరుతుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఒకేసారి ఎక్కువ కలిపితే గిన్నెలోనే పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా కలిపి, పలుచగా పూసి, పూర్తిగా ఎండిన ఇసుకను చల్లి, అరచేతి పలకతో అదమాలి. గట్టిపడ్డాక రాలిన ఇసుకను దులిపి రెండవ పూత వేయాలి.

గల్ఫ్ ఆగస్టులో గాలి తేమగా ఉంటుంది. ఆ తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి అమీన్‌తో చర్య జరిపితే పైన జిగటైన తెల్లని పొర ఏర్పడుతుంది. అందువల్ల ఎయిర్ కండిషనర్ ఉన్న గదిలో, కిటికీ నుండి గాలి బయటికి పోయే ఏర్పాటుతో, చేతితొడుగులు ధరించి పెద్దలే ఈ పని చేయాలి. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి తగిలితే కొందరికి శాశ్వతమైన ఎలర్జీ వస్తుంది. పూత వేశాక కనీసం వారం రోజులు ఆరనిచ్చి, మరొక వారం మంచినీటిలో నానబెట్టి, ఆ నీటిని రోజూ మార్చాలి. వాసన ఏమాత్రం మిగిలినా తొట్టిలో పెట్టరాదు.

ఇసుక చేసే పనికి బదులు

రోజుకు ఒక గ్రాము పొడి ఆహారం వేస్తున్నామనుకుందాం. అందులో మాంసకృత్తులు నూటికి 45 పాళ్లు, మాంసకృత్తులలో నత్రజని నూటికి 16 పాళ్లు. అంతా నైట్రేట్‌గా మారితే రోజుకు 320 మిల్లీగ్రాములు, అంటే 180 లీటర్లలో లీటరుకు రోజుకు 1.8 మిల్లీగ్రాములు, వారానికి 12 పైచిలుకు. వారానికి అయిదోవంతు నీరు మార్చినా నైట్రేట్ లీటరుకు 50 నుండి 60 మిల్లీగ్రాముల దగ్గర స్థిరపడుతుంది తప్ప అంతకంటే దిగదు. ఇది గరిష్ఠపు లెక్క. కొంత నత్రజని చేప శరీరంలో నిలుస్తుంది, కొంత వడపోతలో చిక్కుతుంది. అయినా నీరు మార్చడం ఒక్కటే చాలదని ఈ లెక్క స్పష్టం చేస్తున్నది.

కాబట్టి మరి మూడు ఏర్పాట్లు కావాలి. రంధ్రాలు గల రాయి తగినంత ఉండాలి. సేంద్రియ పదార్థాన్ని కుళ్లకముందే నురుగుగా తీసివేసే స్కిమ్మర్ ఉండాలి. మూడవది నేను గట్టిగా సిఫారసు చేసేది: విడిగా ఒక ఇసుక పెట్టె. 20 సెం.మీ. చదరపు పెట్టెలో 11 సెం.మీ. లోతు ఇసుక పోసి, నీరు తొట్టినుండి దాని మీదుగా ప్రవహించేటట్లు వడపోత గదిలో ఉంచాలి. బరువు ఆరేడు కిలోలే. ఉపరితలం మాత్రం 30 చదరపు మీటర్లకు పైగా, పలక కంటే ఎన్నో రెట్లు. లోపలి రేణువుల వరకు నీరు మెల్లగా మాత్రమే చేరుతుంది కాబట్టి ఈ వైశాల్యమంతా ఒకే వేగంతో పనిచేయదు. అయినా ఇల్లు మారేటప్పుడు కుదపకుండా, కలపకుండా ఎత్తి పట్టుకుపోగల ఇసుక నేల ఇది.

మార్చే నీటి గురించి ఒక మాట. దోహాలో మన కుళాయిలకు వచ్చేది ప్రధానంగా సముద్రపు నీటి నుండి ఉప్పు తొలగించిన నీరే. దానిని మళ్లీ రివర్స్ ఆస్మాసిస్ వడపోతలో శుద్ధిచేసి, లీటరుకు 35 గ్రాములకు పైగా కృత్రిమ సముద్రలవణం కలుపుతాం. వారానికి 36 లీటర్లకు కిలోంపావుకు పైగా లవణం అవసరం. ఇంత తిప్పలెందుకు, కార్నీష్ నుండి రెండు బిందెలు తెచ్చుకుంటే సరిపోదా అని అనిపించవచ్చు. ఇక్కడి తీరజలాల ఉప్పదనం వెయ్యికి 40 పాళ్లు, ఆపైన కూడా ఉంటుంది. మహాసముద్రాలలో అది 35. నగరతీరపు నీటిలో పడవల నూనె, ఇతర కాలుష్యాలు చేరే అవకాశం వేరే. తీరపు ఇసుకను తెచ్చుకోవడం కూడా ఇదే కారణంగా తగదు. ఆ ఇసుకలో ఇళ్లు కట్టుకున్న జీవులు మన తొట్టి కోసం అక్కడ లేవు.

ఏ జీవులకు ఈ నేల తగదు?

అతికించిన నేలపై ఏ చేపనైనా పెంచవచ్చుననుకోవడం క్రూరత్వానికి దారి తీస్తుంది. రాస్ జాతిలో చాలా చేపలు చీకటి పడగానే ఇసుకలోకి దూరి నిద్రిస్తాయి, బెదిరినప్పుడు తలకిందులుగా ఇసుకలోకి దూకుతాయి. పలకపై అవి మూతులు పగులగొట్టుకుంటాయి. కొన్ని గోబీ చేపలు పిస్టల్ రొయ్యతో కలిసి కాపురం చేస్తాయి. చూపు మందమైన రొయ్య ఇసుకలో బొరియ తవ్వుతుంది, చేప వాకిట నిలిచి కాపలా కాస్తుంది. గల్ఫ్ జలాలలోనూ ఇటువంటి జంటలు ఉన్నాయి. ఇసుక తొలచలేని చోట ఈ చెలిమికి తావు లేదు. ఇటువంటి జీవులు కావాలనుకునేవారు విడి ఇసుక పోయాలి, లేదా వాటిని కోరకూడదు. క్లౌన్ చేపల వంటివి పలకతో సర్దుకుపోగలవు.

చివరగా, మనం దేశం విడిచే రోజు గురించి. తీసుకుపోలేని చేపలను సముద్రంలో వదిలివేయడం పుణ్యకార్యమని కొందరి భావన. ఇండో-పసిఫిక్ ప్రాంతపు సింహచేప 1985లో ఫ్లారిడా తీరంలో మొదట కనిపించింది. అక్వేరియంల నుండి విడుదలైనవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అది ఆ తరువాత కరీబియన్ సముద్రమంతటా వ్యాపించి, అక్కడి చిన్నచేపలకు పెను ముప్పుగా పరిణమించింది. మన తొట్టిలోని జీవులకు మనం వెళ్లాక గతి మరొక తొట్టే. అందువల్ల తొట్టి కొనకముందే, దానిని ఎవరికి అప్పగిస్తామో ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోవాలి. మన సంఘాలలోని అక్వేరియం ప్రియులు ఒకరికొకరు ఈ మాట ఇచ్చిపుచ్చుకుంటే ఎన్నో ప్రాణులు నిలుస్తాయి.

అడుగున ఉన్నది అసలైన ఇసుకేనా అని మీ పిల్లలు అడిగితే దాచవద్దు. ఇసుకే గాని కదలకుండా అతికించామని, అది చేయవలసిన పని ఇప్పుడు ఆ పెట్టె, ఈ రాయి, ఆదివారంనాటి నీటి బకెట్టు చేస్తున్నాయని చెప్పండి. ఆ తరువాత బకెట్టు వారి చేతికే ఇవ్వండి.